కాలేజీలో త్రోస్ కోచ్‌గా చేరితే జీవితం గడుస్తుందా?

మీరు అడిగింది ఇది: విశ్వవిద్యాలయ జట్టు తరఫున డిస్కస్ వేశారు, బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చివరి ఏడాదిలో ఉన్నారు, ఏదైనా కాలేజీలో త్రోస్ కోచ్‌గా చేరి అదే పనిలో స్థిరపడాలని ఉంది, అది కుదిరే పనేనా అని. నేను 16 ఏళ్లుగా ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఉదయం పూట త్రోస్, అంటే షాట్‌పుట్ (ఇనుప గుండు), డిస్కస్ (బరువైన పళ్లెం), జావెలిన్ (బల్లెం) నేర్పుతున్నాను. ‘ఉదయం పూట’ అని ఎందుకన్నానో ముందు చెప్పాలి.

మన కాలేజీల్లో త్రోస్ కోచ్ పేరుతో ఉద్యోగం నాకు ఎక్కడా కనపడలేదు. నా నియామక పత్రంలో ఉన్నది ఫిజికల్ డైరెక్టర్ అని. పిల్లలకు పీడీ సార్‌ని. తెల్లవారి అయిదున్నర నుంచి ఏడున్నర వరకు మాత్రమే త్రోస్ కోచ్‌ని. తొమ్మిదిన్నర దాటాక క్రికెట్ బంతుల లెక్క, వాలీబాల్ నెట్‌కు కొత్త తాడు, ఆగస్టు 15 కవాతు, వార్షికోత్సవానికి కుర్చీలు, ర్యాగింగ్ నిరోధక కమిటీ, కాలేజీల ప్రమాణాలు పరిశీలించే నాక్ బృందం వస్తోందంటే పాత సర్టిఫికెట్ల ఫైళ్లు. ఒక ఏడాది అడ్మిషన్ల కాలంలో నన్ను జూనియర్ కాలేజీల ముందు కరపత్రాలు పంచడానికి కూడా పంపారు. అంటే మీరు కోరుకుంటున్న ఉద్యోగం రోజుకు రెండు గంటలే ఉంటుంది. ఆ రెండు గంటలైనా ఎవరూ పిలిచి ఇవ్వరు. ఒక్క వారం వదిలేశామంటే అందులోకి ఇంకేదో పని వచ్చి కూర్చుంటుంది, ఇక లేవదు.

అర్హతల సంగతి త్వరగా ముగిస్తాను. బీపీఈడీ బడికి సరిపోతుంది, కాలేజీకి చాలదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఎంపీఈడీలో (వ్యాయామ విద్య పీజీ) 55 శాతం మార్కులు, ఆపైన అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్ గానీ సెట్ గానీ, లేదా పీహెచ్‌డీ గానీ ఉండాలి. విశ్వవిద్యాలయానికో కాలేజీకో ఆడిన రికార్డు అడుగుతారు, అది మీకు ఉంది. వీటితో పాటు దేహదారుఢ్య పరీక్ష ఒకటి ఉంటుంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. 30 ఏళ్ల లోపు మగవారు 12 నిమిషాల్లో 1,800 మీటర్లు పరుగెత్తో నడిచో పూర్తి చేయాలి. ఖోఖో ఆడినవాళ్లకు అదొక లెక్కే కాదు. 108 కిలోల డిస్కస్ మనిషిని అడగాలి దాని రుచి. నేను పూర్తి చేసి గడ్డి మీద వెల్లకిలా పడిపోతే, పక్కన ఒకాయన నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఇప్పటికీ కలిసినప్పుడల్లా ఆ మాటే ఎత్తుతాడు. కొన్ని ప్రైవేటు కాలేజీలు ఇవేవీ అడగకుండానే తీసుకుంటాయి. అప్పుడు జీతం వాళ్లు చెప్పిందే జీతం. నా మొదటి ఉద్యోగంలో నెలకు 9,000.

ఎంపీఈడీతో ఉద్యోగం వస్తుంది గానీ పని రాదు. పని నేర్చుకోవడానికి నేను పంజాబ్‌లోని పటియాలా వెళ్లాను. 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థ అక్కడే, పాత మహారాజుల మోతీబాగ్ ప్యాలెస్‌లో ఉంది. కోచింగ్ డిప్లొమా ఏడాది. చేస్తున్న ఉద్యోగం మానేసి, ఇంట్లో ఏడు నెలల పాపను వదిలి వెళ్లాను. ఆ గొడవ ఇక్కడ రాయను. జనవరి చలిలో ఇనుప గుండు ముట్టుకుంటే వేళ్లు కొరికినట్టు ఉండేది. పంజాబీ కుర్రాళ్లు గుండును స్వెట్టర్ లోపల పొట్టకు ఆనించుకుని వంతు కోసం నిలబడేవాళ్లు, కోడి గుడ్లు పొదిగినట్టు. నా హిందీకి అందరూ నవ్వేవాళ్లు. భాష సరిగా తెలియకపోవడం వల్లనో ఏమో నాకు ఒక అలవాటు పట్టుబడింది. శిక్షకుడి మాటలు సగమే అర్థమవుతుంటే, వేసేవాళ్లు నిలబడే సర్కిల్ పక్కన కూర్చుని కాళ్ల చప్పుడు వినేవాణ్ణి. ఈ రోజుకీ నా పని సగం చెవులతోనే.

షాట్‌పుట్ సర్కిల్ వ్యాసం 2.135 మీటర్లు, ఏడడుగులు. గ్లైడ్ పద్ధతిలో వేసేవారు వెనక్కి తిరిగి నిలబడి, ఒంటికాలి మీద వెనక్కి జారి, కుడికాలు సర్కిల్ నడుమ దింపుతారు. వెంటనే ఎడమకాలు ముందున్న చెక్క దగ్గర దిగాలి. ఈ రెండు అడుగుల నడుమ ఎడం పెరిగితే, జారడంలో ఒంట్లో పుట్టిన ఊపంతా ఆ ఎడంలోనే కారిపోతుంది. ‘టక్... టక్’ అని విడివిడిగా వినపడితే నేను గుండు వైపు చూడను కూడా. ‘టటక్’ అని దాదాపు ఒక్కటిగా వినపడితే టేపు పట్టుకుని లేస్తాను. ఫోనులో తీసిన స్లో మోషన్ వీడియో పిల్లలకు చూపించడానికి బాగుంటుంది. నాకు మాత్రం చప్పుడు ముందే చెప్పేస్తుంది.

2017లో మా దగ్గర ఈసీఈలో ఒక అమ్మాయి చేరింది. సెలవుల్లో అమ్మతో మిరప కోతకు వెళ్లే పిల్ల, బస్తా ఎత్తి భుజాన వేసుకోగల బలం. మొదటి రోజే 4 కిలోల గుండు 9.40 మీటర్లు వేసింది, అదీ బంతి విసిరినట్టు. షాట్‌పుట్‌ను విసరరు, మెడ దగ్గర నుంచి నెడతారు. గుండు భుజాల వరుస వెనక్కి పోతే ఆ వేటు చెల్లదు, మోచేయి కూడా చెడుతుంది. ఈ పిల్ల గుండును అరచేతిలో పెట్టుకునేది. అది ఉండాల్సింది వేళ్ల మొదళ్ల మీద. అందుకని ప్రతి వేటు తరువాత చేయి, మెడ చూపించమనేవాణ్ణి. అరచేయి శుభ్రంగా ఉండాలి, వేళ్లకు మట్టి ఉండాలి, దవడ కింద మెడ మీద గుండ్రటి మట్టి మచ్చ ఉండాలి. మచ్చ సరిగా పడలేదంటే గుండు మెడను ముందే వదిలేసిందని అర్థం.

మొదట్లో ఆ మచ్చను క్లాసుకు వెళ్లేలోపు చున్నీతో తుడుచుకునేది, హాస్టల్లో ఏడిపిస్తారని. అయిదు నెలలు గడిచినా దూరం పెరగలేదు. పెరగకపోగా 8.90కి పడిపోయింది. ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన కాలం అదే. మనం నేర్పాక తగ్గింది! పిల్లకు మన మీద నమ్మకం పోతుంది, ప్రిన్సిపాల్ గారు నవ్వుతూనే ఒక మాట అంటారు, మనకు కూడా రాత్రుళ్లు అనుమానం వస్తుంది. పాత అలవాటు పోయింది, కొత్తది ఇంకా ఒంటికి పట్టలేదు, అంతే సంగతి. ఆ నడిమి కాలంలో దూరం కొలవడమే మానేశాను, టేపు ఇంట్లో పెట్టి వచ్చేవాణ్ణి. డిసెంబరులో ఒక ఉదయం నేను అడగకుండానే మెడ చాచి చూపించింది. మచ్చ నాణెం అంత గుండ్రంగా ఉంది. మూడో సంవత్సరంలో 12 మీటర్లు దాటింది.

వాళ్ల అమ్మ ఒకసారి గ్రౌండుకు వచ్చింది. ‘ఇనుము మోయించి నా బిడ్డను మగరాయుణ్ని చేస్తున్నారు సార్, రేపు పెళ్లెలా చేయాలి’ అంది. నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. క్రీడా కోటా ఉద్యోగాల సంగతి చెప్పాను, ‘రేపు కూతురు వేస్తుంటే చూసి వెళ్లండమ్మా’ అన్నాను. మర్నాడు తెల్లవారకముందే వచ్చి గట్టు మీద కూర్చుంది. ఏమీ అనలేదు. తరువాత నెల ఊరి నుంచి వేరుశనగ ఉండలు పంపింది, అందరికీ సరిపడా.

ఉండలు అంటే గుర్తొచ్చింది. త్రోస్‌కు అసలు ఖర్చు గుండు కాదు, తిండి. గుండు ఒకసారి కొంటే మనవళ్ల దాకా ఉంటుంది. మా హాస్టల్ మెస్‌లో వారానికి రెండు గుడ్లు. 90 కిలోల కుర్రాడు బరువులెత్తి వచ్చి పులిహోర తిని క్లాసులో నిద్రపోతాడు. నా జీతంలో నెలకు ఇన్ని గుడ్ల ట్రేలని ఒక లెక్క ఎప్పుడూ ఉంటుంది. ఉడకబెట్టేది మా ఆవిడ. పిల్లలు జిమ్ నుంచి లేబుల్ లేని పొడి డబ్బాలు తెస్తారు, వాటి మీద కన్నేసి ఉంచాలి. నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) పరీక్షలో ఒంట్లో నిషేధించిన మందు ఏది దొరికినా బాధ్యత ఆటగాడిదే, తెలియక తిన్నానంటే కుదరదు. నేను ఇప్పటికి మూడు డబ్బాలు కాలువలో పోశాను. ఒక కుర్రాడు నెల రోజులు నాతో మాట్లాడలేదు.

మీరు డిస్కస్ మనిషి కాబట్టి బరువుల సంగతి తెలిసే ఉంటుంది. కోచ్ వైపు నుంచి చూస్తే అది వేరే కథ. కుర్రాళ్లకు 18 ఏళ్ల లోపు 5 కిలోల గుండు, 20 లోపు 6 కిలోలు, ఆపైన 7.26. కానీ విశ్వవిద్యాలయ పోటీల్లో వయసుతో పని లేదు, మొదటి సంవత్సరం కుర్రాడైనా 7.26 వేయాల్సిందే. ఇంటర్‌లో 15 మీటర్లు వేసి పతకాలు తెచ్చుకున్నవాడు ఇక్కడికి వచ్చి 13 దగ్గర ఆగిపోతాడు. తన బలం తగ్గిందనుకుంటాడు. సంక్రాంతి సెలవులకు వెళ్లి మళ్లీ గ్రౌండు ముఖం చూడడు. నా దగ్గర మానేసిన కుర్రాళ్లలో ఎక్కువ మంది మొదటి సంవత్సరంలోనే మానేశారు. ఇప్పుడు చేరిన రోజే 6 కిలోల గుండు, 7.26 గుండు రెండూ చేతికిచ్చి, రెండు దూరాలూ నోటుబుక్కులో పక్కపక్కన రాయిస్తున్నాను. తేడా ముందే కాగితం మీద కనపడితే భయం కొంత తగ్గుతోంది.

నా తప్పు ఒకటి కూడా రాయాలి. మా డిస్కస్ కేజ్ వలకు, అంటే డిస్కస్ పక్కలకు పోకుండా సర్కిల్ చుట్టూ కట్టే వలకు, కుడివైపు చిరుగు ఉండేది. బాగు చేయించమని రెండుసార్లు కాగితం పెట్టాను, ఆ తరువాత నేనే దానికి అలవాటుపడిపోయాను. ఒక ఉదయం ఒక కుర్రాడి చేతి నుంచి డిస్కస్ జారి ఆ చిరుగులోంచి బయటికి పోయింది. చెవుల్లో పాటలు పెట్టుకుని క్యాంటీన్‌కు నడుస్తున్న ఒక అబ్బాయికి మూడడుగుల దూరంలో నేలలో దిగబడింది. రెండు కిలోలు, అంచుకు లోహపు పట్టీ. ఆ అబ్బాయి వెనక్కి కూడా చూడలేదు, అతనికి తెలియనే తెలియదు. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు. యాజమాన్యం నాలుగు నెలలు డిస్కస్ ఆపేసింది, న్యాయమే. ఇప్పుడు వల నేనే కుడతాను, రొయ్యల చెరువుల వాళ్ల దగ్గర కొన్న నైలాను దారంతో. అందరూ వేయడం అయ్యేదాకా ఒక్కరూ ఏరుకోవడానికి పోకూడదు, తెచ్చేటప్పుడు చేతిలోనే తేవాలి, తిరిగి విసరకూడదు. మీరు ఎక్కడ చేరినా మొదటి రోజు జీతం గురించి కాదు, వల గురించి అడగండి.

జావెలిన్ గురించి ఒక్క మాట. 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో నీరజ్ చోప్రా 87.58 మీటర్లు వేశాక, ఆ నెలలో మా గ్రౌండుకు ఇరవై మందికి పైగా వచ్చారు. మా దగ్గర ఉన్నవి మూడు జావెలిన్లు, వాటిలో ఒకటి వంకర. మంచి విదేశీ జావెలిన్ ఒక్కటే లక్ష దాటుతుంది. వెదురు బొంగులతో మొదలుపెట్టించాను. రెండు వారాలకు నలుగురు మిగిలారు, ఆ నలుగురూ క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్లు. మోచేయి పైకి ఉంచి వేయడం వాళ్లకు ముందే వచ్చు.

అమెరికా సంగతి కూడా అడిగారు. నేను అక్కడ పని చేయలేదు, కాబట్టి పెద్దగా చెప్పను. అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాల్లో మాత్రం త్రోస్ కోచ్ అనేది నిజంగా ఒక ఉద్యోగం, పరుగుకు వేరే మనిషి, జంప్స్‌కు వేరే మనిషి. మైసూరులో పుట్టిన వికాస్ గౌడ నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం తరఫున 2006లో అక్కడి జాతీయ కళాశాలల డిస్కస్ టైటిల్ గెలిచి, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మనకు స్వర్ణం తెచ్చాడు. లిథువేనియా కుర్రాడు మికోలాస్ అలెక్నా అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే 2024లో డిస్కస్ 74.35 మీటర్లు వేసి, 1986 నుంచి నిలిచిన ప్రపంచ రికార్డును చెరిపేశాడు. అది ఓక్లహోమాలో గాలి బాగా వీచే మైదానం. ఎదురుగాలి డిస్కస్‌ను పైకి మోస్తుందంటే మా పిల్లలు నమ్మరు, గాలి వెనకనుంచి రావాలనే అనుకుంటారు. మీకు అనుభవమే కదా.

ఇక మీరు ఏం చేయాలంటే. మీరు 46 మీటర్లు వేశానని రాశారు, అది నాకన్నా నాలుగు మీటర్లు ఎక్కువ. దరఖాస్తులో ఆ అంకె పనికొస్తుంది. కోచ్‌గా పనికొస్తారో లేదో తెలియాలంటే ఒక వారం డిస్కస్ ముట్టుకోకుండా మీ జూనియర్ల సర్కిల్ పక్కన కూర్చోండి. ఎవరి ఏ కాలు ముందు దిగిందో, ఎప్పుడు దిగిందో రాసుకోండి. నాలుగో రోజుకు చేతులు దురదపెట్టి మీరే సర్కిల్లోకి దిగితే, ఇంకొన్నేళ్లు ఆడండి, ఉద్యోగం తరువాత చూసుకోవచ్చు. ఏడో రోజు కూడా కూర్చోగలిగితే ఎంపీఈడీకి దరఖాస్తు పెట్టండి. అది పూర్తయిన వెంటనే పటియాలా వెళ్లిపోండి, పెళ్లికి ముందే. తరువాత వెళ్లవచ్చులే అనుకుంటే ఎలా ఉంటుందో మా ఆవిడ మీకు వివరంగా చెబుతుంది.