అద్దెల గురించి రాయబోతున్న మా చిట్టికి

చిట్టీ,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఇక్కడ ఆస్ట్రేలియాలో బడ్జెట్ల గురించి, ఎన్నికల గురించి, ఇళ్ళ ధరల గురించి వారం వారం తెలుగులో రాస్తావట, మొదటి వ్యాసం అద్దెల మీదేనట. చెబుతుంటే దాని గొంతులో భయమే ఎక్కువ వినపడింది. నాకూ చాలాసేపు నిద్రపట్టలేదు, కానీ నాది ఒట్టి భయం కాదు. మెల్‌బోర్న్ టార్నీట్‌లోనూ సిడ్నీ వెంట్‌వర్త్‌విల్‌లోనూ వీధికిన్ని తెలుగు ఇళ్ళున్నాయి. రిజర్వ్ బ్యాంకు రేటు పెంచితే మార్ట్‌గేజ్ ఎంత పెరుగుతుందో అందరూ చెబుతారు, ఎందుకు పెంచిందో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు కనపడరు. ఆ పని నేను అక్షరాలు దిద్దించిన పిల్ల చేస్తానంటే నాకు గర్వంగా ఉండదూ?

ముందు నీ ఉద్యోగం సంగతి. నువ్వు పనిచేసేది ఫెడరల్ ప్రభుత్వ శాఖలో. మారుపేరుతో రాస్తే ఏమీ కాదని మీ అమ్మతో అన్నావట. ఎవరు చెప్పారే నీకు? ఇమ్మిగ్రేషన్ శాఖలో పనిచేసిన మిఖేలా బెనర్జీ కూడా ట్విటర్‌లో మారుపేరుతోనే ప్రభుత్వ విధానాలను విమర్శించింది. రాసింది ఆవిడేనని తేలింది, ఉద్యోగం పోయింది. కోర్టుల చుట్టూ తిరిగితే చివరికి 2019 ఆగస్టులో హైకోర్టు, అంటే ఈ దేశానికి అదే పెద్ద కోర్టు, ఆ తొలగింపు చెల్లుతుందని తీర్పిచ్చింది. రాజకీయాలు మాట్లాడుకునే స్వేచ్ఛ రాజ్యాంగంలో అంతర్లీనంగా ఉందన్న వాదన ఆవిణ్ణి కాపాడలేదు. కాబట్టి పైవాళ్ళని అడిగి, రాతపూర్వకంగా అనుమతి చేతికొచ్చాకే నీ మొదటి వాక్యం బయటికి రావాలి. నీ సొంత శాఖ జోలికి అసలు పోకు. ఇది చదివి నీకు కోపమొస్తుందని తెలుసు, రానీ. ఆ ఇంటి అప్పు నీ జీతం మీదే నడుస్తోంది, మీ అమ్మ నీ దగ్గరే ఉంటోంది. అవి మర్చిపోయి ధైర్యం చెప్పడం నాకు చేతకాదు.

ఫేస్‌బుక్ పేజీ పెడితే కామెంట్లు మూసెయ్యి. పేజీ కింద ఎవరో రాసినదానికి కూడా పేజీ నడిపేవాళ్ళు ప్రచురణకర్తలేనని 2021లో వోలర్ కేసులో హైకోర్టు చెప్పింది. తర్వాత కొన్నిచోట్ల చట్టం సవరించారులే, అయినా పరువునష్టం దావా ఖర్చు మనం భరించేది కాదు.

అంకె రాస్తే ఏబీఎస్, అంటే ప్రభుత్వ గణాంకాల సంస్థ, పట్టిక తెరిచి చూసి రాయి. బడ్జెట్ మీద అదే రాత్రి రాయకు, నిద్రపోయి లేచాక రాయి. ఉగాది సభలో శాలువా కప్పించుకుని మనతో ఫొటో దిగిన ఎంపీ గురించి రాసేటప్పుడు ఫొటో పక్కనపెట్టి హాన్సార్డ్, అంటే పార్లమెంటులో మాట్లాడిన మాటల రికార్డు, చూడు.

ఇక అద్దెలు. దీని మీద నాకు చాలా కోపం ఉంది, ఓపిగ్గా చదువు.

ముప్పై ఏళ్ళు పన్ను లెక్కలు చేసి బతికినదాన్ని. జులై వస్తే నా టేబుల్ నిండా మనవాళ్ళ ఫైళ్ళే. ఒకాయనకి ఇంటి మీద ఏడాదికి 26,000 డాలర్ల అద్దె వచ్చేదనుకో. బ్యాంకు వడ్డీ, కౌన్సిల్‌కి కట్టే ఇంటిపన్ను, స్ట్రాటా అనే అపార్ట్‌మెంటు నిర్వహణ ఖర్చు, ఏజెంటు కమీషను అన్నీ కలిపితే ఖర్చు 41,000. నష్టం 15,000. దాన్ని జీతంలోంచి తీసేస్తే 37 శాతం స్లాబులో ఉన్న మనిషికి 5,550 డాలర్ల పన్ను తగ్గేది. నెగెటివ్ గేరింగ్ అంటే ఇంతే. ఆ రిఫండ్ అంకె వినగానే ముఖం వెలిగిపోయేది. మిగతా తొమ్మిది వేల చిల్లర జేబులోంచే పోయిందనీ, ఇంటి ధర పెరిగితే తప్ప అది వెనక్కి రాదనీ నేను చెప్పబోయేలోపే రెండో ఇంటి మాట ఎత్తేవారు.

2019 ఎన్నికల ముందు బిల్ షార్టెన్ నాయకత్వంలో లేబర్ పార్టీ, ఇకమీదట కొత్తగా కట్టిన ఇళ్ళకే ఈ సౌకర్యం ఇస్తామంది. ఇల్లు అమ్మినప్పుడు వచ్చే లాభం మీద 50 శాతం రాయితీని 25కి తగ్గిస్తామంది. అప్పటికే కొన్నవాళ్ళకి ఏ మార్పూ ఉండదని కూడా చెప్పింది. అయినా ఏ భోజనాలకి వెళ్ళినా ఒకటే కథ: "1985లో కీటింగ్ ఇలాగే తీసేశాడు, దేశమంతా అద్దెలు ఆకాశాన్నంటాయి, రెండేళ్ళు తిరక్కుండా మళ్ళీ ఇచ్చేశాడు."

తీసేసింది నిజమే. ప్రధాని బాబ్ హాక్ ప్రభుత్వంలో ట్రెజరర్‌గా, అంటే ఆర్థికమంత్రిగా, ఉన్న పాల్ కీటింగ్, 1985 జులై నుంచి కొత్తగా కొన్న ఇళ్ళ మీద నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోకూడదన్నాడు. 1987లో మళ్ళీ ఇచ్చిందీ నిజమే. మధ్యలో ఉన్న ముక్కే తప్పు. అద్దెలు అంతలా ఎగసింది సిడ్నీలో, పెర్త్‌లో. ఆ రెండు ఊళ్ళలో అద్దెకి ఖాళీ ఇళ్ళు దొరకడమే కష్టంగా ఉండేది. మెల్‌బోర్న్‌లో, బ్రిస్బేన్‌లో, అడిలైడ్‌లో అలా జరగలేదు. పన్ను చట్టం దేశమంతటికీ ఒకటే కదా, దానివల్లే అయితే అన్ని ఊళ్ళలోనూ పెరగాలిగా? సాల్ ఈస్‌లేక్ అనే ఆర్థికవేత్త ఏళ్ళ తరబడి ఈ మాట చెబుతూనే ఉన్నాడు. అయినా 2015లో సాక్షాత్తూ ట్రెజరర్ జో హాకీ ఆ పాత కథే మళ్ళీ చెబితే, అది నిలవదని ఇక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ వాళ్ళ ఫ్యాక్ట్ చెక్ తేల్చింది.

ముప్పై ఏళ్ళయినా ఆ కథ చావలేదంటే అది చెప్పేవాళ్ళకి అనుకూలం కాబట్టే. ఇల్లున్నవాడి లాభాన్ని అద్దెకున్నవాడి క్షేమంలా చూపిస్తుంది. ఒక విందులో ఈ మాటలు జోరుగా సాగుతుంటే, హారిస్ పార్క్‌లో నలుగురితో గది పంచుకుని ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడొకడు వంటింట్లోకి వచ్చి, "ఆంటీ, నిజంగా మా అద్దె పెరుగుతుందా?" అని నెమ్మదిగా అడిగాడు. చేతిలో పెరుగన్నం ప్లేటు అలాగే ఉంది. స్టూడెంట్ వీసా, వాడికి ఓటే లేదు. వాడి పేరు చెప్పి హాల్లో వాదిస్తున్న వాళ్ళలో ఒక్కరూ వాడు ఇప్పుడు ఎంత కడుతున్నాడో అడగలేదు. నువ్వు రాసేది వాడికి అర్థమయ్యేట్టు రాయి.

2019 మే 18న లేబర్ ఓడిపోయింది. సర్వేలన్నీ గెలుస్తుందన్నాయి. ఓటమికి ఈ కథ ఒక్కటే కారణమని నువ్వు రాస్తే మాత్రం ఊరుకోను. ఒక్క కారణంతో అన్నీ చెప్పేసే ఆ రోగమే నీకూ పట్టినట్టు.

ఎందుకింత చెబుతున్నానంటే, ఇప్పుడా కథ మన మీదికే తిరిగింది. 2025 ఆగస్టు 31న వలసలకి వ్యతిరేకంగా ఊరూరా జరిగిన ఊరేగింపుల కరపత్రాల్లో ఇండియన్లని పేరుపెట్టి మరీ రాశారు. ఇళ్ళు దొరక్కపోవడానికీ అద్దెలు పెరగడానికీ మనమేనట కారణం. దీని మీద నువ్వు రాయకుండా ఉండలేవు. రాసేటప్పుడు 1985 కథని ఎలా పరీక్షించామో దీన్నీ అలాగే పరీక్షించు. కోవిడ్‌లో సరిహద్దులు మూసినప్పుడు, 2020–21లో వచ్చినవాళ్ళకంటే వెళ్ళినవాళ్ళే ఎక్కువ. అయినా సిడ్నీ, మెల్‌బోర్న్ నగరం నడిబొడ్డున అద్దెలు తగ్గితే, చిన్న ఊళ్ళలో పెరిగాయి. నగరాలు వదిలి జనం అటు వెళ్ళారు, ఒక్కో ఇంట్లో ఉండే మనుషులు తగ్గి ఎక్కువ ఇళ్ళు కావాల్సొచ్చాయి. అలాగని మన రాకవల్ల ఒత్తిడే లేదని రాయకు. 2022–23లో నికర వలస 5 లక్షలు దాటింది, వచ్చినవాళ్ళందరికీ కప్పు కావాలి కదా. మనకి ఇబ్బందిగా ఉండే అంకెని వదిలేస్తే నిన్నెవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

నీ పేరు చూసి "మీ దేశం పో" అనేవాళ్ళుంటారు. నేను వచ్చిన కొత్తల్లో బస్టాపులో విన్న మాటే అది, ఇప్పటికీ గుచ్చుకుంటుంది. జవాబివ్వకు. తెల్లవాళ్ళకే ఈ దేశమన్న విధానం తెచ్చిన 1901 వలస నియంత్రణ చట్టం, ఏ యూరప్ భాషలోనైనా డిక్టేషన్ పెట్టి మనలాంటివాళ్ళని వెనక్కి పంపిన తీరు, 1973లో విట్లం ప్రభుత్వం ఆ విధానం ఆనవాళ్ళు తుడిచెయ్యడం చదివి ఉంచుకో. వాళ్ళతో వాదించడానికి కాదు, నీ మనసు నిలబడటానికి. మనవాళ్ళూ తిడతారు. రెండిళ్ళున్న బాబాయిలు "మా పొట్ట కొడుతున్నావు" అంటారు. వాళ్ళు నీకు పుట్టినరోజు చీరలు పెట్టినవాళ్ళే. మర్యాదగా విను, అంకె మాత్రం మార్చకు.

చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని స్కూల్లో ఓటెయ్యడానికి వెళ్ళాను. సెనేట్ కాగితం అంత పొడుగుంటే దుప్పటి అనుకుని కప్పుకోబోయావు. ఆ పిల్లేనా ఇప్పుడు సెనేట్ గురించి రాస్తానంటోంది అనుకుంటే కళ్ళు నిండుతున్నాయి. రాత్రుళ్ళు అన్నం మానేసి రాయకు తల్లీ.

అనుమతి వచ్చాక మొదటి వ్యాసం నాకు పంపు, పన్ను లెక్కలు నేను సరిచూస్తాను. ఏటీఓ, అంటే పన్నుల శాఖ, గణాంకాల్లో పోస్ట్‌కోడ్ వారీగా అద్దె ఆదాయం వివరాలుంటాయి. ఈస్టర్‌కి వస్తున్నారుగా, లాప్‌టాప్ తెచ్చుకో, ఇద్దరం కూర్చుని టార్నీట్‌ది తీద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ