క్రూయిజ్ కోసం ఎఫ్‌డీ తీయాలా? ముందు ఒడ్డున దొరికే గంటలు లెక్కేయండి

ప్రశ్న: నాకు 56 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. మా ఆవిడకి 53. వచ్చే ఏడాది ఫిబ్రవరిలో మా 30వ పెళ్లిరోజుకి సింగపూర్ నుంచి క్రూయిజ్‌లో వెళ్లాలని ఇద్దరికీ కోరిక. ట్రావెల్ ఏజెంటు రెండు ప్యాకేజీలు చూపించారు. ఒకటి 7 రాత్రులు, బాల్కనీ గది: బ్యాంకాక్, హో చి మిన్ సిటీ చూసి సింగపూర్‌కి తిరిగి రావడం, ఇద్దరికీ రూ. 2,15,000. రెండోది 4 రాత్రులు, కిటికీ ఉన్న గది: మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్, రూ. 1,12,000. రెండింట్లోనూ పోర్టు చార్జీలు కలిపే ఉన్నాయి. విమానం టికెట్లు విడిగా ఇద్దరికీ సుమారు రూ. 70 వేలు. ఖర్చులు, సిప్‌లు పోను నెలకు రూ. 28 వేల దాకా మిగులుతుంది. రూ. 5 లక్షల ఎఫ్‌డీ ఉంది, రెండేళ్లలో మెచ్యూర్ అవుతుంది. ఎఫ్‌డీ తీసేయమంటారా, ఏజెంటు చెప్పిన 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ తీసుకోమంటారా? మా ఆవిడకి మోకాళ్ల నొప్పులున్నాయి, ఎక్కువ నడవలేదు.

జవాబు: ముందుగా ఇద్దరికీ పెళ్లిరోజు శుభాకాంక్షలు. ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి, ఈఎంఐ కూడా వద్దు. మీకు 13 నెలల సమయం ఉంది, నెలనెలా మిగులు ఉంది. ఆ రెండూ ఉన్నవాళ్లు విహారయాత్రకి అప్పు చేయాల్సిన పని లేదు. అయితే డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది తేల్చుకునే ముందు, ఆ డబ్బుకి మీకు ఏం దొరుకుతుందో చూద్దాం. మీ రెండు ప్యాకేజీల మధ్య అసలు తేడా అక్కడే ఉంది.

ప్యాకేజీలో 'బ్యాంకాక్' అని రాసి ఉంటుంది. ఓడ ఆగేది మాత్రం లేమ్ చబాంగ్ రేవులో. అక్కడి నుంచి బ్యాంకాక్‌కి దాదాపు 120 కిలోమీటర్లు, రోడ్డు మీద రెండు గంటలు. ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువే. హో చి మిన్ సిటీ అన్నదీ అంతే. పెద్ద ఓడలు ఫూ మీ రేవులో ఆగుతాయి, నగరానికి చేరాలంటే రెండు గంటల వరకు పడుతుంది. మీరు పంపిన కాగితంలో ఓడ ఉదయం 8కి వచ్చి సాయంత్రం 6కి బయల్దేరుతుందని ఉంది. దిగడానికి వరుసలో అరగంట పోతుంది. బయల్దేరే సమయానికి కనీసం అరగంట ముందే అందరూ ఓడ ఎక్కేయాలి, కొన్ని ఓడల్లో గంట ముందే. రానూపోనూ నాలుగు గంటలు తీసేస్తే నగరంలో మిగిలేది నాలుగున్నర, ఐదు గంటలు. రెండు నగరాలకూ కలిపి పది గంటలనుకుందాం. రూ. 2,15,000ని పదితో భాగిస్తే, ఒడ్డున గడిపే ఒక్కో గంట మీకు రూ. 21,500 పడుతోంది.

పెనాంగ్‌లో సంగతి వేరు. ఓడ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్ పట్టణంలోనే ఉంది. గేటు దాటి కొద్ది నిమిషాలు నడిస్తే కార్న్‌వాలిస్ కోట. ఇంకాస్త లోపలికి వెళ్తే లిటిల్ ఇండియా, 1833లో కట్టిన మహామారియమ్మన్ గుడి. సముద్రం మీద కర్రలు పాతి కట్టుకున్న చైనీయుల ఇళ్ల వరసలూ దగ్గర్లోనే ఉంటాయి. 2008లో యునెస్కో మలక్కాతో పాటు ఈ పట్టణాన్నీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పట్టణంలో టికెట్టు లేకుండా తిరిగే బస్సు ఉంది, ట్యాక్సీలూ తేలిగ్గా దొరుకుతాయి. అందువల్ల మీ శ్రీమతిగారు మోకాళ్లకి ఇబ్బంది లేకుండా తిరగొచ్చు, అలసిపోతే మధ్యాహ్నం భోజనానికి ఓడకి వచ్చి మళ్లీ వెళ్లొచ్చు. ఏడు గంటలు నిక్కచ్చిగా మీ చేతిలో ఉంటాయి. ఫుకెట్‌లో ఆరు వేసుకున్నా మొత్తం 13 గంటలు. గంటకి రూ. 8,600 చిల్లర.

ఈ లెక్కే సర్వస్వం అనను. ఓడలో బాల్కనీలో కూర్చుని సముద్రం చూస్తూ గడపడమే మీ ఇద్దరికీ ఇష్టమైతే, ఏడు రాత్రులకి తనదైన విలువ ఉంది. కానీ మీ ఉత్తరంలో ఊళ్ల పేర్లే ఎక్కువగా కనిపించాయి నాకు. ఊళ్లు చూడాలనుకునేవారికి చిన్న ప్రయాణమే మేలు. సింగపూర్‌లో రెండు రాత్రులు అదనంగా ఉండండి, ఓడ ఎక్కే ముందు ఒకటి, దిగాక ఒకటి.

ఫుకెట్ విషయంలో ఒక్క జాగ్రత్త. చాలా ఓడలు పటోంగ్ బీచ్ ఎదురుగా సముద్రంలోనే లంగరు వేస్తాయి. అక్కడి నుంచి చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. ఊగుతున్న పడవలోకి అడుగు వేయడం మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం. మీ ఓడ అక్కడ ఆగుతుందా, లేక అవో మకామ్‌లోని రేవుకి నేరుగా చేరుతుందా అని ఏజెంటుని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మీరు ఎంచుకున్న ఫిబ్రవరి మంచి నెల. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ వైపు అండమాన్ సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో టికెట్టు చవగ్గా ఇస్తామన్నా మార్చుకోకండి. అది నైరుతి రుతుపవనాల కాలం. అలలు ఎక్కువైతే పడవలు దించరు, ఆ రేవు వదిలేసి ఓడ ముందుకి సాగిపోతుంది. అలా వదిలేసినందుకు ఆ రేవు చార్జీలు వెనక్కి రావడం తప్ప పరిహారం ఆశించలేం. ఒప్పందంలో ఆ షరతు ఉంటుంది.

ఇక మొత్తం ఖర్చు. ఏజెంటు చెప్పిన రూ. 1,12,000కి విమానం రూ. 70 వేలు కలపండి. ఓడలో సిబ్బందికి సర్వీసు చార్జీ అని రోజుకి మనిషికి 15 నుంచి 20 డాలర్ల వరకు మీ గది ఖాతాలో వేస్తారు. చాలామంది ప్యాకేజీలోనే ఉందనుకుని, చివరి రోజు బిల్లు చూసి కంగారుపడతారు. నాలుగు రాత్రులు, ఇద్దరు, 18 డాలర్ల చొప్పున 144 డాలర్లు. డాలరు రూ. 90 లెక్కన రూ. 13 వేలు. సింగపూర్‌లో హోటల్‌కి రూ. 30 వేలు, రెండు రేవుల్లో తిరగడానికి రూ. 20 వేలు, వీసా, బీమాలకి రూ. 10 వేలు, చిల్లర ఖర్చులకి రూ. 5 వేలు. మొత్తం రూ. 2,60,000. రూపాయి పడిపోవచ్చు, ధరలు పెరగొచ్చు కాబట్టి పది శాతం అదనంగా పెట్టుకుంటే రూ. 2,86,000. ప్రతి నెలా రూ. 22 వేలు పక్కన పెడితే 13 నెలల్లో సరిగ్గా ఆ మొత్తం చేతికొస్తుంది. మీ మిగులులో రూ. 6 వేలు ఇంకా చేతిలోనే ఉంటాయి.

ఓడ కంపెనీలు అడ్వాన్సు పోను మిగతా డబ్బు ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే కట్టమంటాయి. మీకది నవంబరు అవుతుంది. అప్పటికి 11 నెలల పొదుపు రూ. 2,42,000 ఉంటుంది. ఓడ, విమానం, వీసా, బీమా అన్నీ కలిపినా రూ. 1,92,000 దాటవు. కనుక ఇబ్బంది లేదు. ఈ డబ్బుని బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో గానీ లిక్విడ్ ఫండ్‌లో (ఎప్పుడు కావాలన్నా తీసుకోగలిగే, రిస్కు తక్కువ ఉన్న మ్యూచువల్ ఫండ్) గానీ ఉంచండి. ఈక్విటీ ఫండ్‌లో వద్దు. ఏడాది గడువున్న అవసరానికి మార్కెట్ పడితే కోలుకునే సమయం దొరకదు. ఎఫ్‌డీని మధ్యలో తీస్తే వడ్డీలో కోత పడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఉద్యోగం చివరి సంవత్సరాల్లో అది మీకు అత్యవసర నిధి. నో కాస్ట్ ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్‌టీ ఉంటాయి. పైగా యాత్ర రద్దయినా వాయిదాలు ఆగవు.

ఏజెంటు విదేశీ టూర్ ప్యాకేజీగా బిల్లు వేస్తే టీసీఎస్ (అమ్మేవారే బిల్లుతో పాటు వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపన్ను) వసూలు చేస్తారు. బడ్జెట్లలో ఈ రేటు మారుతూ వస్తోంది కాబట్టి కట్టే రోజు ఉన్న రేటునే అడగండి. అది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమయ్యే ముందస్తు పన్ను. ఆదాయపన్ను పోర్టల్‌లో మీ పేరు మీద జమైన పన్నుల పట్టికలో పడిందో లేదో చూసుకుని రిటర్నులో క్లెయిమ్ చేసుకోవచ్చు. 2024 అక్టోబరు నుంచి ఉద్యోగులు ఆ వివరాలు ఆఫీసులో ఇస్తే జీతంలో కోసే టీడీఎస్‌లోనూ సర్దుబాటు చేస్తున్నారు. మీరు డబ్బు కట్టి పాన్ మాత్రం మీ శ్రీమతిగారిది ఇస్తే చిక్కు వస్తుంది, గుర్తుంచుకోండి.

బీమాలో పొదుపు చేయకండి, ఇది గట్టిగా చెబుతున్నాను. మన దగ్గర తీసుకున్న ఆరోగ్య బీమా సాధారణంగా విదేశాల్లో పనికిరాదు. ఓడలో డాక్టరు ఉంటారు, ఆ బిల్లు నేరుగా మీ ఖాతాలో పడుతుంది. ఓడ నుంచి ఆసుపత్రికి తరలించాల్సి వస్తే లక్షల్లో ఖర్చు. క్రూయిజ్ ప్రయాణానికి వర్తిస్తుందని, తరలింపు ఖర్చు కూడా ఇస్తారని పాలసీలో స్పష్టంగా ఉండాలి. మోకాళ్ల సంగతి, బీపీ, షుగర్ లాంటివి ఉంటే దాచకుండా రాయండి.

చిన్న చిన్న విషయాలు కొన్ని. సింగపూర్‌లో బయల్దేరి మళ్లీ అక్కడే దిగుతారు కాబట్టి, వీసా ఒకటికి మించి ప్రవేశాలు ఉన్నదే కావాలి. ప్రవేశానికి ముందు నింపాల్సిన అరైవల్ కార్డు ప్రభుత్వ సైట్‌లో ఉచితం, ఫీజు అడిగే సైట్ల జోలికి పోవద్దు. ఓడ ఎక్కగానే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సముద్రం మధ్యలో రోమింగ్ చార్జీలు చాలా ఎక్కువ. కార్డు గీకేటప్పుడు రూపాయల్లో కట్టమంటారా అని మెషీన్ అడిగితే వద్దని చెప్పి, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి.

విమానం మాత్రం ఓడ బయల్దేరే రోజున వద్దు, ముందురోజే చేరుకోండి. ఫ్లైట్ ఆలస్యమై ఓడ తప్పిపోతే ఆ టికెట్టు డబ్బు తిరిగి రాదు. పెళ్లిరోజు ఓడలోనే రావాలనుకుంటే బయల్దేరే తేదీని దానికి తగ్గట్టు ఎంచుకుని, అడ్వాన్సు కట్టే ముందే ఆ తేదీని ఏజెంటుకి చెప్పండి.