హెలికాప్టరా, విమానమా? రెండూ కూల్చినవాడి జవాబు

మీ ప్రశ్న ఇదీ: బాబు తొమ్మిదో తరగతి, రిమోట్ హెలికాప్టర్ కావాలని పట్టుబట్టాడు, మీకూ చిన్నప్పటి నుంచి ఆ సరదా ఉంది, 12 వేల లోపు ఏది కొంటే బాగుంటుంది అని.

విమానం కొనండి. బాడీ పైభాగాన రెక్క ఉండి, నెమ్మదిగా ఎగిరే రకం. హెలికాప్టర్ సంగతి ఏడాది తర్వాత ఆలోచించుకోవచ్చు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేసి దెబ్బతిన్నాను.

ఉద్యోగంలో మొదటి బోనస్ రాగానే 450 సైజు హెలికాప్టర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వీడియోల్లో అది తలకిందులుగా ఎగురుతుంటే చూసి మనసు పారేసుకున్నాను. అమ్మినాయన "ఇంతకు ముందు ఏమైనా ఎగరేశారా?" అని అడిగాడు కూడా. "ఆఁ, కొంచెం" అన్నాను. ఆదివారం పొద్దున్నే ఊరి చివర ఖాళీగా పడి ఉన్న ఒక వెంచర్‌లోకి తీసుకెళ్లాను. థ్రాటిల్ పెంచగానే లేచింది. ఎడమకు జరిగింది. నేను కుడికి లాగాను, అది నేను అడిగినదానికన్నా ఎక్కువే వంగింది, బ్లేడ్లు నేలకు తగిలాయి. మొత్తం పది సెకన్లు కూడా పట్టలేదు. రెండు మెయిన్ బ్లేడ్లు, మెయిన్ షాఫ్ట్, ఫెదరింగ్ షాఫ్ట్, గేర్ పళ్లు, తోక గొట్టం అన్నీ పోయాయి. విడిభాగాలకు ఎంతయిందో ఇంట్లో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు.

తప్పు హెలికాప్టర్‌ది కాదు లెండి. విమానానికి గాలిలో నిలబడే గుణం రెక్కలోనే ఉంటుంది. భయమేసి స్టిక్కులు వదిలేసినా నేర్చుకునేవాళ్ల కోసం చేసిన మంచి ట్రైనర్ విమానం తనంతట తాను సర్దుకుని జారుకుంటూ దిగుతుంది. హెలికాప్టర్ అలా కాదు. ఒక్కచోట నిలబెట్టాలంటే పైకీ కిందికీ, ముందుకూ వెనక్కీ, పక్కలకూ, తోక తిప్పడానికీ రెండు చేతులూ క్షణం ఆగకుండా కదులుతూనే ఉండాలి. గరిటె మీద గోళీ నిలబెట్టి నడవడం లాంటిది. పైగా ప్రమాదం. 450 సైజులో రోటర్ వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు. నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే బ్లేడు కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. అది పిల్లాడి చేతికిచ్చే వస్తువు కాదు.

బాబు మరీ అలిగితే, ఒకే ఇరుసు మీద రెండు రోటర్లు ఎదురెదురుగా తిరిగే చిన్న ఇండోర్ హెలికాప్టర్ కొనివ్వండి. సైమా ఎస్107 లాంటివి. మూడు ఛానెళ్లు, అంటే రిమోట్‌తో మూడు రకాల కదలికలు నడపొచ్చు, ఇన్‌ఫ్రారెడ్ రిమోట్. హాల్లో ఫ్యాన్ ఆపి ఎగరేసుకోవచ్చు. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్ సరిగ్గా అందదు, బయటికి తీసుకెళ్లకండి. అది బొమ్మే. కానీ ముక్కు మన వైపు తిరిగినప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయన్న సంగతి దానితోనే తెలిసిపోతుంది.

ఇక విమానం. షాపులో అందరి కళ్లూ యుద్ధ విమానాల మీదే పడతాయి. వాటి జోలికి వెళ్లకండి, అవి వేగంగా వెళ్తేనే ఎగురుతాయి, ఆలోచించుకునే టైమ్ ఇవ్వవు. రెక్క బాడీ పైన ఉండాలి. రెక్కల కొసలు కాస్త పైకి లేచి, ముందు నుంచి చూస్తే 'వి' అక్షరాన్ని బాగా సాగదీసినట్టు కనిపించాలి. ఆ వంపు వల్లే ఒక పక్కకు ఒరిగినా మళ్లీ సమానానికి వస్తుంది. మోటారు రెక్క వెనకాల ఉండే బిక్స్‌లర్, ఈజీస్టార్ తరహావి మరీ మంచివి, ముక్కు నేలకు గుద్దినా ప్రొపెల్లర్ విరగదు. హాబీజోన్ ఏరోస్కౌట్, ఈ-ఫ్లైట్ అప్రెంటిస్ లాంటి వాటిలో ఒరుగుడును పసిగట్టే జైరో ఉండి విమానాన్ని అదే నిలబెడుతుంది గానీ, మన దగ్గరికి వచ్చేసరికి మీ బడ్జెట్ దాటిపోతాయి.

మీరైతే, బాబుతో కలిసి కట్టుకోండి అంటాను. నా రెండో విమానం అలా కట్టిందే. ఫ్లెక్సీలు వేసే షాపుల్లో సన్‌ప్యాక్ షీటు దొరుకుతుంది, ఎన్నికలైపోయాక పాత బోర్డులు ఊరికే కూడా దొరుకుతాయి. నా విమానం కుడి రెక్క కింద ఒక అభ్యర్థిగారి సగం నవ్వు చాలాకాలం ఉండేది. స్టేషనరీ షాపులో దొరికే 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు దానికన్నా తేలిక, కాబట్టి నెమ్మదిగా ఎగురుతుంది. తడిస్తే మాత్రం పాడైపోతుంది. ప్లాన్లు ఫ్లైట్ టెస్ట్ అనే యూట్యూబ్ ఛానెల్ వాళ్లవి ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసి కోసుకోవడమే. హాట్ గ్లూ, కట్టర్, టేపు, రెండు ఆదివారాలు. లోపల పెట్టేవి కాలేజీ వర్క్‌షాపుల్లో అందరూ వాడేవే: 2212 సైజు మోటారు 1000 కేవీది (కిలోవోల్టులు కాదు, ఒక వోల్టుకు నిమిషానికి 1000 చుట్లని), మోటారు వేగాన్ని అదుపు చేసే 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, పది అంగుళాల ప్రొపెల్లర్, రెక్కల, తోక పలకలను కదిపే 9 గ్రాముల సర్వోలు మూడో నాలుగో, 2200 ఎంఏహెచ్ త్రీ సెల్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ.

డబ్బు ఎక్కడ పెట్టాలో ఇక్కడే అర్థం చేసుకోవాలి. విమానం పోతుంది. మొదటి నెలలోనే పోతుంది, టెన్షన్ పడకండి. మోటారు, సర్వోలు, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ మాత్రం చాలావరకు బతికి బయటపడతాయి, వాటిని ఊడదీసి కొత్త బాడీలో పెట్టుకోవచ్చు. రిమోట్ అయితే మన చేతిలోనే ఉంటుంది. అందుకే బడ్జెట్‌లో సగం దాకా రిమోట్‌కే ఇవ్వండి. నేను ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 కొన్నాను. ఆరు ఛానెళ్లు, 2.4 గిగాహెర్ట్జ్. ఎన్ని విమానాలు మారినా రిమోట్ అదే. కొనేటప్పుడు మోడ్ 2 అని అడగండి, అంటే మోటారు వేగం పెంచే థ్రాటిల్ ఎడమ చేతిలో ఉండేది. మన దగ్గర ఎక్కువమంది ఎగరేసేది అదే, కాబట్టి ఎప్పుడైనా రిమోట్ అందుకుని విమానాన్ని కాపాడేవాళ్లు దొరుకుతారు.

లైపో విషయంలో మాత్రం చాదస్తంగానే ఉండండి. సెల్లుకు 4.2 వోల్టులు దాటకూడదు, ఎగరేస్తున్నప్పుడు 3.5 దగ్గరే దించేయాలి. బ్యాటరీకి ఉండే చిన్న తెల్ల ప్లగ్గుకు (బ్యాలెన్స్ ప్లగ్గు) పెట్టే చిన్న బీపర్ ఒకటి వస్తుంది, వోల్టేజీ పడిపోతే చెవులు గింగుర్లెత్తేలా అరుస్తుంది, తప్పకుండా కొనండి. చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. వాడనప్పుడు సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. నేను మే నెలలో ఒక బ్యాటరీని ఫుల్ చార్జ్‌తో బండి డిక్కీలో మర్చిపోయాను. సాయంత్రానికి పూరీలా ఉబ్బి ఉంది.

మీరు హైదరాబాద్ అన్నారు కాబట్టి ఇది ముందే చెప్పాలి. ఒక వైపు బేగంపేట, ఒక వైపు శంషాబాద్, హకీంపేట, దుండిగల్, ఎటు చూసినా రన్‌వేలే. 2021 డ్రోన్ రూల్స్ మన విమానాలకూ వర్తిస్తాయి. ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ మైదానం ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ఎగరేయొచ్చు, విమానాశ్రయం సరిహద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగులే. జనవరిలో అయితే నగరంలో అసలు వద్దు, పతంగుల మాంజా ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే పని అయిపోయినట్టే.

నేను పండక్కి తెనాలి దగ్గర మా ఊరెళ్లినప్పుడు ఎగరేసేవాణ్ణి. పొలాలు ఖాళీగా ఉంటాయనుకునేరు, మా వైపు వరి కోయగానే మినుము ఉంటుంది, తొక్కితే ఊరుకోరు. హైస్కూల్ గ్రౌండే దిక్కు. అక్కడ మొదటి రోజే విమానం వెళ్లి తాడిచెట్టు మీద కూర్చుంది. రెండు రోజులు కింద నిలబడి చూశాను. మూడో రోజు పొద్దున కల్లు గీసే బాబాయి ఎక్కి దించాడు, డబ్బులిస్తే తీసుకోలేదు, "నాకోసారి తిప్పి చూపించు" అన్నాడు.

చెట్టెక్కడానికి కారణం చిన్నదే. అది నా వైపు తిరిగి వస్తుంటే కంగారులో ఎడమకు బదులు కుడికి తోశాను. దీనికి ఒక కిటుకు ఉంది: విమానం మీ వైపు వస్తున్నప్పుడు మీ కంటికి ఏ పక్క రెక్క కిందికి వాలినట్టు కనిపిస్తే, స్టిక్‌ను ఆ పక్కకే తొయ్యండి. ఇది చేతికి అలవాటు కావడానికి ముందు కంప్యూటర్‌లో సిమ్యులేటర్ ఆడండి. రిమోట్‌ను దానికి సరిపోయే సిమ్యులేటర్ యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే సరిపోతుంది. పికాసిమ్ అనే సిమ్యులేటర్ ఉచితం. పది గంటలు ఆడాక గ్రౌండ్‌కి వెళ్లండి. ఇందులో బాబు మీకన్నా ముందుంటాడు, సిద్ధపడండి.

మొదటిసారి ఎగరేసే ముందు రెక్క కింద రెండు వేళ్లు పెట్టి లేపి చూడండి. ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఎక్కడో సమంగా నిలవాలి. తోక కిందికి వాలితే ఎగరేయకండి, బ్యాటరీని ముందుకు జరపండి. తర్వాత స్టిక్ కుడికి తోస్తే కుడి ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పైకి లేస్తోందా అని చూడండి. నేను రివర్స్‌లో కలిపి ఒక మంచి విమానాన్ని మూడు సెకన్లలో నేలకేసి కొట్టాను. గాలికి ఎదురుగా వదలండి. వదలగానే మలుపులకు పోకుండా నేరుగా రెండు తాడిచెట్ల ఎత్తుకు తీసుకెళ్లండి, అక్కడ తప్పు చేసినా దిద్దుకునే టైమ్ ఉంటుంది. ఒక రెక్క అడుగున ఎర్ర టేపు అంటించండి, దూరంలో ఎటు తిరిగిందో తెలుస్తుంది.

ప్రొపెల్లర్లు మాత్రం ఒకటీ రెండూ కాదు, అరడజను తెప్పించండి. మొదటి ఆదివారమే నాలుగు అయిపోతాయి.