ఫెయిలైతే నలుగురిలో తలెత్తుకోగలనా?

ప్రశ్న: సార్, కర్నూలులో బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. ఇప్పటిదాకా 72 శాతం మార్కులున్నాయి. సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) చేయాలని ఎప్పటినుంచో కోరిక. ‘అది అందరికీ అయ్యేది కాదు, బ్యాంకు కోచింగ్‌లో చేరు’ అంటున్నారు చుట్టాలు. నాన్నది చిన్న కిరాణా కొట్టు. ఫెయిలైతే ఆయన డబ్బూ పోతుంది, పరువూ పోతుంది. ధైర్యం చాలడం లేదు.

జవాబు: అమ్మా, బ్యాంకు పరీక్షలైనా లక్షల మంది రాసేవే. గ్యారంటీ అక్కడా లేదు. మరి ఇష్టమైనదాన్ని ఎందుకు వదులుకోవాలి?

ముందు ఏం పోతుందో లెక్క వేద్దాం. కామర్స్ డిగ్రీలో 55 శాతం వస్తే మొదటి దశ అయిన ఫౌండేషన్ లేకుండా నేరుగా రెండో దశ, అంటే సీఏ ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. ఫైనలియర్‌లో ఉండగానే ప్రొవిజనల్ (తాత్కాలిక) రిజిస్ట్రేషన్ ఇస్తారు. మొత్తం ఆరు పేపర్లు, రెండు గ్రూపులు. మొదట ఒక గ్రూపే రాయొచ్చు. పాసవ్వాలంటే పేపర్‌కు 40, గ్రూపు మొత్తంలో సగం మార్కులు రావాలి. గ్రూపు పోయినా ఏ పేపర్లోనైనా 60 వచ్చిందంటే, తర్వాతి మూడు అటెంప్టుల వరకు ఆ పేపర్ మళ్లీ రాయనక్కర్లేదు. పైగా జనవరి, మే, సెప్టెంబరు అని ఏటా మూడుసార్లు పరీక్ష. ఒకసారి తప్పితే ఏడాదంతా పోయినట్టు కాదు. కోచింగ్ ఫీజు భారమనుకుంటే సీఏ ఇన్‌స్టిట్యూటే ఆన్‌లైన్‌లో ఉచితంగా క్లాసులు చెబుతోంది. మధ్యలో ఆపేసినా నేర్చుకున్న జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ నీతోనే ఉంటాయి.

ఇక పరువు మాట. నిన్ను నిజంగా పట్టి ఉంచింది ఇదే. ఈ రాత్రి కొట్టు కట్టేశాక, గల్లా లెక్క చూసుకునే వేళ నాన్న పక్కన కూర్చో. ఉగాదికి అప్పు తెచ్చి సరుకు నింపేటప్పుడు అంతా అమ్ముడుపోతుందని ఆయనకెవరూ హామీ ఇవ్వలేదు కదా! ఎంత తెచ్చుకుంటే తట్టుకోగలడో చూసుకునే తెస్తాడు. నువ్వూ అలాగే ఒక హద్దు చెప్పు: ‘మూడు అటెంప్టులిస్తాను నాన్నా, ఒక్క గ్రూపైనా కాకపోతే దారి మార్చుకుంటా.’ ఆ మాట ఇంట్లో ముందే అనుకుని ఉంటే, రేపు రిజల్ట్ తేడా కొట్టినా చుట్టాలకు జవాబు నాన్నే చెబుతాడు. హద్దు లేకుండా ఏళ్లకేళ్లు రాస్తూ కూర్చోవడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఈ వారంలోనే కర్నూలులో ఏదైనా ఆడిటర్ ఆఫీసుకు వెళ్లు. అక్కడ ఆర్టికల్‌షిప్ (సీఏ చదువులో భాగమైన ఆఫీసు శిక్షణ) చేస్తున్న పిల్లల్ని ఎన్నో అటెంప్టులో గట్టెక్కారో అడుగు. తప్పినప్పుడు ఇంట్లో ఎలా చెప్పుకున్నారో కూడా అడుగు.