రెండేళ్లు దాటినా మాటలు రావట్లేదా? ముందు చెవి పరీక్ష

మీ బాబుకి మాటలు రావట్లేదని అడుగుతూ, చప్పట్లు కొడితే తిరిగి చూస్తున్నాడు, కాబట్టి వినికిడి బాగానే ఉందని రాశారు. రెండున్నరేళ్లకి 'అమ్మ', 'తాత' తప్ప మాటల్లేవంటే నేను మొదట అనుమానించేది చెవినే.

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. చప్పట్లు, గిన్నెల మోత గట్టి శబ్దాలు. పైగా పిల్లలు చేతి కదలిక చూసి కూడా తిరుగుతారు. కొద్దిపాటి లోపం ఉన్నా అవి వినిపిస్తాయి, కానీ 'స', 'ష', 'ఫ' లాంటి సన్నటి ధ్వనులు జారిపోతాయి. అవి అందకపోతే మాటలు సరిగ్గా పట్టుబడవు.

1. ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి: గులిమి ఉందా, కర్ణభేరి వెనక నీరు చేరిందా? తరచూ జలుబు చేసే పిల్లల్లో ఇది మామూలే.

2. ఆడియాలజిస్టుని (వినికిడి పరీక్షలు చేసే నిపుణులు) ఓఏఈ (లోపలి చెవి స్పందన చూసే పరీక్ష), బెరా (శబ్దానికి చెవి నాడి, మెదడు స్పందన చూసే పరీక్ష) రెండూ అడగండి. పుట్టినప్పుడు చేసిన వినికిడి పరీక్షలో పాసైనా సరే, మళ్లీ చేయించాలి. బెరా నిద్రలో చేస్తారు. నిద్రమందు ఇస్తారా, ఖాళీ కడుపుతో తీసుకురావాలా అని ముందే కనుక్కోండి.

3. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి చూసే ప్రభుత్వ కేంద్రం) ఉంటే అక్కడ అడగండి, ఉచితం.

4. వినికిడి బాగుందని తేలితే అప్పుడు స్పీచ్ థెరపిస్టు. "వాళ్ల నాన్నకీ లేటే" అని దయచేసి మూడేళ్లదాకా ఆగకండి.