తుపాను ఎటు దాటితే మన ఊరికి ఏ గాలి

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

వాయుగుండం పడిందంటే చాలు, బాపట్ల చుట్టుపక్కల వాళ్లంతా నీకే ఫోన్ చేస్తున్నారని మీ అమ్మ చెప్పింది. మంచిదే. కానీ బులెటిన్‌లో ఉన్నదే మళ్లీ చదివి వినిపిస్తే వాళ్లకి ఒరిగేదేమీ లేదు. తుపాను ఎక్కడుందో, ఎటు కదులుతోందో వాతావరణ శాఖ చెప్తుంది, అందులో వేలు పెట్టకు. దాన్నిబట్టి మన ఊళ్లో గాలి ఎటునుంచి కొడుతుందో తేల్చడమే నీ పని.

మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. కేంద్రం ఇంకా సముద్రంలో, మనకి ఆగ్నేయంగా ఉన్నంతసేపూ ఈశాన్యం గాలే. అది మనకి నైరుతిన ఉన్న చీరాల వైపు తీరం దాటిందా, గాలి తూర్పు నుంచి, ఆపైన ఆగ్నేయం నుంచి కొడుతుంది. సముద్రాన్ని ఊరి మీదికి తోసేది ఆ గాలే. ఈశాన్యాన ఉన్న బందరు వైపు దాటితే గాలి ఉత్తరం నుంచి, తర్వాత వాయవ్యం, పడమర నుంచి అలా తిరుగుతుంది. అప్పుడు ఉప్పెన భయం తక్కువ, కోతకొచ్చిన వరికి మాత్రం ఎలాగూ తిప్పలే. దాటే చోటు కాస్త అటూఇటూ అయితే లెక్కంతా తలకిందులు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరాన్ని ఒరుసుకుంటూ వచ్చి బాపట్లకి కాస్త దక్షిణంగా దాటింది. అలాంటివాటితో మరీ టెన్షన్. అందుకే మ్యాపులో గీత ఒక్కటే నమ్మకు, దాని చుట్టూ వేసిన కోన్, అంటే కేంద్రం అటూఇటూ పోవడానికి వీలున్న మేర, చూసి రెండు రకాలుగానూ చెప్పి ఉంచు.

చెట్లూ ఇళ్లూ అడ్డంలేని చోట గాలికి వీపు పెట్టి నిలబడు. ఎడమ చేతి వైపు, కాస్త ముందుకి కేంద్రం ఉన్నట్టు. గంటగంటకీ దిక్కు రాసుకో. గాలి పెరుగుతూ, పీడనం పడిపోతూ, దిక్కు మాత్రం మారకపోతే అది నేరుగా మన మీదికే వస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను, అంటే గాలి ఉండని నడిమి భాగం, విశాఖ మీదుగా పోయినప్పుడు మధ్యలో గాలి నెమ్మదించి, మళ్లీ ఎదురు దిక్కునుంచి విరుచుకుపడింది. ఆ తెరిపిలో ఎవరినీ గడప దాటనివ్వకు.

పీడనాన్ని నిన్న ఇదే టైముకి ఉన్నదానితోనే పోల్చు. మామూలు రోజుల్లోనూ ఉదయం పదికి ఎక్కువుండి సాయంత్రం నాలుగుకి మూడు నాలుగు మిల్లీబార్లు తగ్గుతుంది. అది చూసి ఊరిని హడలగొట్టకు.

వేడి సంగతి తేలిక. మబ్బు కమ్మాక పగలు ఎండ ఎక్కదు, రాత్రి చల్లబడదు. వాన పట్టీలుపట్టీలుగా వస్తుంది, మధ్యలో గంటసేపు వెలిసినా అయిపోయిందనకు. 'అతి భారీ' అంటే 24 గంటల్లో 11.5 నుంచి 20.4 సెంటీమీటర్లు. మనవాళ్లకి ఆ అంకె కంటే ఏ డ్రెయిన్ ముందు పొంగుతుందో చెప్తేనే పనికొస్తుంది.