ప్రాక్టీస్ నెలల లోటును అప్పుతో పూడ్చకండి

ప్రశ్న: నా వయసు 24. హైస్కూల్ టీచర్ ట్రైనింగ్ చేస్తూనే కంప్యూటర్ సైన్స్ డిగ్రీ కూడా చదువుతున్నాను. సాయంత్రాలు ట్యూషన్లు చెబుతాను, అప్పుడప్పుడు చిన్న చిన్న కోడింగ్ పనులు చేస్తాను. ఇంకో 14 నెలల తర్వాత నాలుగు నెలల టీచింగ్ ప్రాక్టీస్ ఉంటుంది. దానికి జీతం ఉండదు. ఆ నాలుగు నెలలు లోన్ యాప్‌లో తీసుకుని నెట్టుకొచ్చి, ఉద్యోగం రాగానే తీర్చేద్దామనుకుంటున్నాను. నెలకు 3 శాతమే వడ్డీ. చేతిలో ఉన్న సేవింగ్స్ ఫీజుకు, కొత్త ల్యాప్‌టాప్‌కు సరిపోతాయి. ఆ తర్వాత నెలకు మిగిలేది మ్యూచువల్ ఫండ్‌లో వేద్దామని ఉంది. ఏ ఫండ్ మంచిది?

జవాబు: ఫండ్ సంగతి తర్వాత. మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నది ఆ ‘3 శాతమే’ అన్న మాట కోసం. చదువుకుంటూ సంపాదించుకునేవాళ్ల నోట ఆ ‘మే’ తరచూ వింటుంటాను. విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

మీరు పంపిన అసలు అంకెలు ఇక్కడ పెట్టడం లేదు. మీ నెల ఖర్చును 100 అనుకుని లెక్కంతా మార్చాను. అలా చూస్తే మామూలు నెలల్లో మీ రాబడి 110, ఇప్పటిదాకా దాచింది 200. ప్రాక్టీస్ నెలల్లో పగలంతా స్కూల్లో ఉంటారు. రాత్రికి మర్నాటి లెసన్ ప్లాన్ రాసుకోవాలి, దానిమీద డిగ్రీ అసైన్‌మెంట్లు. ట్యూషన్లు మానేయాల్సి వస్తుందని, రాబడి 30కి పడిపోతుందని మీరే రాశారు. అంటే నెలకు 70 లోటు. నాలుగు నెలలకు 280.

నెలనెలా ఆ 70 యాప్‌లో తీసుకున్నారనుకోండి. నాలుగో నెలాఖరుకు బాకీ సుమారు 302 అవుతుంది. తీసుకున్నదానికి 22 ఎక్కువ, అంతేగా అనిపిస్తుంది. అసలు కథ ఐదో నెలలో మొదలవుతుంది. ట్యూషన్లు మళ్లీ పట్టాలెక్కి రాబడి 110కి చేరినా, ఖర్చులు పోను మిగిలేది 10. బాకీ మీద నెల వడ్డీయే 9. మీరు కట్టిన పదిలో అసలుకు జమయ్యేది ఒక్కటి. ఇలా కడుతూ పోతే అప్పు తీరడానికి దాదాపు 80 నెలలు పడుతుంది. మధ్యలో ఒకటి రెండు నెలలు తప్పి, లేట్ ఫీజులు కలిసి బాకీ 333 దాటిందా, మీరు కట్టే 10 వడ్డీకి కూడా చాలదు. కోడ్‌లో ఆగే షరతు లేని లూప్ తిరుగుతూనే ఉంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఉద్యోగం రాగానే తీర్చేస్తానంటారు. రిజల్ట్స్ రావాలి, సర్టిఫికెట్ రావాలి, ఎవరో ఇంటర్వ్యూకు పిలవాలి, చేరాక నెల గడిచి మొదటి జీతం పడాలి. వీటిలో ఒక్క తేదీ కూడా మీ చేతిలో లేదు. అప్పిచ్చినవాడి తేదీ మాత్రం ఒక్కరోజు కూడా జరగదు.

పోనీ ఆ 3 శాతమైనా నిజమా? వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. 100 అప్పిచ్చి, ప్రాసెసింగ్ ఫీజు పేరుతో 5 ముందే పట్టుకుంటే మీ చేతికొచ్చేది 95. నెల తిరిగేసరికి కట్టాల్సింది 103. ఆ ఒక్క నెలకే 8 శాతం పైన పడినట్టు. ల్యాప్‌టాప్ షాపులో ‘ఫ్లాట్ 12 శాతం, రెండేళ్ల వాయిదాలు’ అన్నా ఇదే తంతు. తీర్చేసిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ కడుతూనే ఉంటారు కాబట్టి అసలు రేటు 21 శాతం దాటుతుంది.

ఇక మీ పొరపాటు ఎక్కడుందో చెబుతాను. ప్రాక్టీస్ నెలలను మీరు ఆపద లెక్కలో వేశారు. 14 నెలల ముందే తేదీ తెలిసింది ఆపద ఎలా అవుతుంది? అది మామూలు ఖర్చే, కాస్త దూరంలో ఉందంతే. ప్రాజెక్ట్ ఇవ్వాల్సిన ముందురోజు రాత్రి ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే అది ఆపద. జ్వరంతో మూడు వారాలు పడకేసి, హాజరు చాలక ఆ టర్మ్ మళ్లీ చేయాల్సి వస్తే అది ఆపద. రెండు కోర్సులు కలిపి చదివేవాళ్లకు ఈ రెండోది మరీ ఖరీదు. మళ్లీ ఫీజు కట్టాలి, పైగా ఉద్యోగం ఒక టర్మ్ వెనక్కి పోతుంది కాబట్టి అన్ని నెలల జీతమూ పోయినట్టే. ప్రాక్టీస్ నెలల్లోనే ఇలాంటిదేదైనా జరిగితే గోరుచుట్టు మీద రోకలిపోటు. అప్పటికే యాప్ అప్పు నెత్తిమీద ఉంటుంది, ఇంకో యాప్ వెతుక్కుంటారు.

అందుకే రెండు వేర్వేరు ఖాతాలు పెట్టండి. ఒకటి ప్రాక్టీస్ నెలలకు. రెండోది ఎమర్జెన్సీ ఫండ్, అది కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 300. రెండూ ఒకే చోట ఉంటే మొదటిది తెలియకుండానే రెండోదాన్ని తినేస్తుంది.

అంత డబ్బు ఎక్కడిదంటారా? నెలకు 10 చొప్పున 14 నెలల్లో 140, ఉన్న 200 కలిపితే 340. అందులో లోటు 280 పోతే మిగిలేది 60. మూడు వారాలకు కూడా రాదు. కాబట్టి కోతపెట్టాల్సింది చదువులోనే. ప్రాక్టీస్ టర్మ్‌లో డిగ్రీ సబ్జెక్టులు ఆపేయండి, కుదరకపోతే ఒక్కటే పెట్టుకోండి. అప్పుడు శని, ఆదివారాల ట్యూషన్లు నిలబడతాయి. మీరు రాసిన ట్యూషన్ లెక్కలను బట్టి ఆ నెలల రాబడి 60 దాకా ఉంటుంది. లోటు 280 కాస్తా 160కి దిగుతుంది, ఎమర్జెన్సీకి 180 మిగులుతుంది. నా లెక్కకు ఇంకో 120 తక్కువే. ఈ మధ్యలో వచ్చే సెలవుల్లో కోడింగ్ పనులు గట్టిగా పట్టి ఆ తేడా పూడ్చండి. డిగ్రీ ఒక టర్మ్ ఆలస్యమవుతుంది, కానివ్వండి. టీచర్‌గా జీతం తీసుకుంటూ ఆ మిగిలింది పూర్తి చేయొచ్చు. టర్మ్ ఆపితే సీటుకు, ఫీజు రాయితీకి ఇబ్బంది ఉండదని కాలేజీ నుంచి కాగితం మీద తీసుకోవడం మాత్రం మర్చిపోకండి. నోటిమాట నమ్మొద్దు.

ఈ లెక్కంతా నిలబడాలంటే ఆ 200ను ముట్టుకోకూడదు. కొత్త ల్యాప్‌టాప్ ఇప్పుడు అవసరం లేదు. పాతదానికి ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజ్) వేయించి, ర్యామ్ (మెమరీ) పెంచితే ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్లకు చాలావరకు సరిపోతుంది. ఆ ఖర్చు ఒక కోడింగ్ పని డబ్బుతో పెట్టండి. ఫైళ్లన్నీ ఇంకోచోట కాపీ ఉంచుకోండి. మీకు పుస్తకమూ ఆ ల్యాప్‌టాపే, నల్లబల్లా అదే, సంపాదనా అదే.

ఫీజుకు బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ తీసుకోండి, సరిగ్గా ఫీజు మేరకే. ‘ఇంకొంచెం ఎక్కువ ఇస్తాం’ అన్నా వద్దనండి. చదువు నడుస్తున్నప్పుడు కూడా వడ్డీ పెరుగుతుందా, చివర్లో అసలుకు కలుస్తుందా అన్నది సంతకానికి ముందే అడగండి. హామీగా మీ అన్నయ్య సంతకం పెడతానన్నారని రాశారు. అయితే ఆ లోన్ మొత్తానికి సరిపడా మీ పేరున టర్మ్ పాలసీ, అంటే గడువులోపు మనిషి పోతే డబ్బిచ్చే జీవిత బీమా, తీసుకోవాల్సిందే. మీ వయసుకు ప్రీమియం పెద్దగా ఉండదు. మీకేమైనా అయితే ఆ బాకీ ఆయన మెడకు చుట్టుకోకూడదు. హెల్త్ పాలసీలో మీ పేరు ఉందో లేదో ఈ వారంలోనే చూసుకోండి. స్కాలర్‌షిప్‌లు ఉంటే అప్లై చేయండి, కానీ వస్తాయని లెక్కలో కలపకండి.

ఏ ఫండ్ మంచిదని అడిగారు కదా, ఎమర్జెన్సీ ఖాతాలో 300 నిండిన రోజు మళ్లీ రాయండి, అప్పుడు చెబుతాను. ఈలోపు ఆ యాప్ ఫోన్‌లోకి దించి ఉంటే, కాంటాక్టులకు, ఫొటోలకు ఇచ్చిన పర్మిషన్లు ముందు రద్దు చేసి, ఆ తర్వాత దాన్ని తీసేయండి.